యాదన్న లాగిన డ్రోన్

ముందే చెప్పేస్తున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బుంది. పత్తర్‌గట్టిలో మా బట్టల కొట్లో గుడ్డ కొలిచేటప్పుడు ఒక్క అంగుళం సాగదీయను. ఆ గజం బద్ద కింద పెట్టానా... ఇక అన్నీ సాగుతాయి. మా ఆవిడ మిరపకాయల పోపు పెడితే మూసీ అవతలి ఒడ్డున జనం తుమ్మారని చెబుతాను. అయినా సరే, ఇది మాత్రం జరిగింది. కొట్లో గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. వ్యాపారస్తుడు అంతకు మించి దేని మీద ఒట్టు వేస్తాడు?

మొన్నటి ఎండాకాలం. సాయంత్రం దాకా గాలి ఊసే లేదు. దీపాలు పెట్టే వేళకి లేచింది. ఎలాంటి గాలి అనుకున్నారు! లాడ్ బజార్‌లో కొట్ల ముందు వేలాడే గాజులన్నీ ఒక్కసారిగా మోగాయి. చార్మినార్ కూడా కాళ్ళు కాస్త ఎడం చేసి, తన్నిపెట్టి నిలబడింది. కరెంటు పోయింది. సందంతా చీకటి... నోట్లో దుమ్ము.

ఎదురింటి మేడ మీంచి నర్సింగ్ కేక.

"అన్నా! మా యాదన్న కనవడ్తలేడే! జెల్ది రా!"

నర్సింగ్ పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. యాదన్న అతని సొంత అన్న. లక్క గాజులు చేసిన చెయ్యి. ఒకప్పుడు మా సందులో పతంగి ఎగరేస్తే యాదన్నే ఎగరేయాలి, మిగతావాళ్ళం నోరు తెరుచుకుని చూడాలి. కొన్నేళ్ళుగా ఆయన మనసు ఆయన దగ్గర లేదు. మాట లేదు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. కానీ గాలి లేచిందంటే చాలు... మేడ మీదికి పరుగు. మా పాతబస్తీ మేడలు ఒకదానికొకటి భుజాలు రాసుకుని ఉంటాయి. ఒక పిట్టగోడ దాటితే ఇంకో ఇల్లు. అలా ఎంత దూరమైనా పోవచ్చు. అందుకే గాలి మొదలైతే ఆ ఇంట్లో మొదట చేసే పని మేడ తలుపుకి తాళం వెయ్యడం. ఆ రోజు ఆయన భార్య సుగుణ వదిన, ఎగిరిపోతున్న బట్టల్ని రెండు చేతుల నిండా ఏరుకుని దిగింది. తాళం వెయ్యడానికి మూడో చెయ్యి లేదు.

నేను వెళ్ళేసరికి వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ బట్టలు అలాగే ఉన్నాయి.

"గాలి ఎటు వోతే అటే వోతడు. గదొక్కటే ఎరుక ఆయినకు. పిట్టగోడల మీదికెల్లి నడుస్తడు. గీ చీకట్ల ఏడన్న కాలు జారితే..." 

నర్సింగ్ మేడ మీద డ్రోన్ రెక్కలు విప్పుతున్నాడు. పక్క మేడ మీంచి ఖాదర్ భాయ్ టార్చి వేశాడు.

"అరే మియాఁ, ఇత్తీ హవా మేఁ ఉడాతే క్యా? హౌలే హో గయే?" ఇంత గాలిలో ఎగరేస్తావా, పిచ్చి పట్టిందా అని.

"ఇంక దేంతోటి దేవులాడాలె భాయ్? గోడ గోడ ఎక్కుకుంట వోతే తెల్లారుతది. అప్పటిదాంక ఉంటడా మా అన్న?"

ఖాదర్ భాయ్ పిట్టగోడ దగ్గరికి జరిగాడు. టార్చి నర్సింగ్ చేతుల మీదికి తిప్పాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్తగా డ్రోన్ నేర్చుకునేవాళ్ళకి నర్సింగ్ చెప్పే పాఠం ఒకటుంది. గాలి ఉంటే ఎగరేయకపోవడమే మంచిది. తప్పదంటే ముందు గాలికి ఎదురు పంపాలి. అప్పుడు తిరుగు దారిలో గాలి తోడొస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. నేల మీది గాలిని చూసి మోసపోకూడదు, పైన ఇంకా గట్టిగా ఉంటుంది. ఈ పాఠం నేను వందసార్లు విన్నాను. అంటే ఓ నాలుగుసార్లు.

కానీ నర్సింగ్‌వి పతంగి చేతులు. గాలికి వీపు చూపించి, పతంగిని ముందుకి వదలడమే వాటికి చిన్నప్పట్నుంచీ అలవాటు. నర్సింగ్ గాలికి వీపు పెట్టి నిలబడ్డాడు. పక్కన నేనూ అలాగే నిలబడ్డాను. డ్రోన్‌ను సంచీలో వేసుకుని గాలివాటున నాలుగు సందులు నడిచి, అక్కణ్ణుంచి ఇంటివైపు ఎగరేసి ఉంటే సరిపోయేది. ఇద్దరికీ తట్టలేదు. పైగా యాదన్న పోయింది కూడా అటే కదా అనుకున్నాం.

లేచింది... బాణంలా పోయింది. ఎంత హాయిగా పోయిందనుకున్నారు!

రిమోట్‌కి బిగించిన ఫోన్ మీద దుమ్ము పడకుండా నేను తువ్వాలుతో గుడారం వేసి, అందులో తల దూర్చాను. నర్సింగ్ చూపు ఆకాశంలో మిణుకుమంటున్న డ్రోన్ లైటు మీదే ఉంది. కళ్ళు నావి, చేతులు అతనివి.

"ఏమన్న కనవడ్తుందా అన్నా?"

"ట్యాంకి... ట్యాంకి... నులక మంచం... మేక..."

"మేకనిడిషి మనిషిని సూడే!"

డ్రోన్ కింద చిన్న దీపం ఉంటుంది. అది వేసే తెల్లటి గుండ్రం లోపల ఏముంటే అదే కనిపిస్తుంది. మిగతాదంతా నలుపు. ఆ గుండ్రం మేడ తర్వాత మేడ దాటుతోంది. ఎక్కడా యాదన్న లేడు.

"సగం బ్యాటరీ వొయింది" అని తెర చూసి చెప్పాను. "మర్లిస్తున్నా" అన్నాడు నర్సింగ్.

మళ్ళించాడు. రిమోట్ మీది స్టిక్కు చివరిదాకా లాగి పట్టాడు. తెర మీద దూరం చూపే అంకె తగ్గాలి. తగ్గలేదు. అక్కడే ఉంది. గాలిని తోయలేక అది ఉన్నచోటే నిలబడిపోయింది.

"కిందికి దించురా, కింద గాలి తక్కువుంటది."

దించాడు. గుండ్రం చిన్నదైంది. వెలుగు పెరిగింది. అప్పుడు... అందులోకి రెండు కాళ్ళు వచ్చాయి.

చెప్పుల్లేని కాళ్ళు. గాలికి కొట్టుకుంటున్న లుంగీ. సగం కూలిన పాత నవాబు భవంతి... మేం దేవిడీ అంటాం... దాని పైన, పిట్టగోడ అంచున నిలబడ్డాడు. యాదన్నే. వీపు మాకు.

"దొరికిండు! నర్సింగ్... దొరికిండు!"

"ఏం జేస్తుండు?"

నేను తెరకి ఇంకా దగ్గరగా వంగాను. ఆయన పతంగి ఎగరేస్తున్నాడు.

పతంగి లేదు. దారం లేదు. చేతులు మాత్రం ఆడుతున్నాయి. కుడిచేత్తో ఒక గుంజు... ఎడమచేత్తో పోగు చెయ్యడం... మళ్ళీ కాస్త ఢీల్, అంటే వదులు. నేను ఆ చేతులే చూస్తున్నాను. తర్వాత ఎందుకో చూపు అంకె మీదికి పోయింది.

ఆయన గుంజాడు. అంకె తగ్గింది.

ఢీల్ ఇచ్చాడు. అంకె పెరిగింది.

గుంజాడు... తగ్గింది.

తువ్వాలు లోంచే అరిచాను. "నర్సింగ్, నువ్వు స్టిక్కు కదిలిస్తున్నవా?"

"లేదే! గట్టిగ పట్టే ఉన్న. అదే వస్తుంది... అదే వోతుంది. ఏంది అన్నా గిది?"

గాలి ఆగి ఆగి కొట్టింది, అంతే అంటాడు ఇప్పుడు నర్సింగ్. కావచ్చు. ఆగినప్పుడల్లా డ్రోన్ ఇటు వచ్చింది, కొట్టినప్పుడల్లా వెనక్కి పోయింది. కానీ గాలి యాదన్న చేతులు చూసి ఆగుతుందా? లేక ఆయన చేతులే గాలిని పట్టి ఆడుతున్నాయా? ఇన్ని నెలలుగా అడుగుతున్నాను. నన్నే నేను అడుగుతున్నాను.

రిమోట్ కీచుమనడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోతోందని. కీచు... కీచు... కీచు...

ఆ చప్పుడు అంత దూరం వినపడే వీల్లేదు. అయినా ఆయన చేతులు ఆగాయి. మెల్లగా... చాలా మెల్లగా... తల పైకెత్తాడు. వెలుగు నేరుగా ముఖం మీద పడింది.

"మొఖం కనవడ్తుందా? ఎట్లుండు మా అన్న?" నర్సింగ్ భుజంతో నన్ను తోస్తూ అడిగాడు.

"నవ్వుతుండురా" అన్నాను. "మనల్ని సూసి నవ్వుతుండు."

బొమ్మ ఆగిపోయింది. తెర నల్లబడింది. ఆకాశంలో ఆ చుక్క మూసీవైపు కొట్టుకుపోయి... ఆరిపోయింది.

పరిగెత్తాం. ఆ దేవిడీకి లోపల మెట్లు కూలి ఏళ్ళయింది. చుట్టూ సందు, ఏ మేడా దానికి ఆని లేదు. ఖాదర్ భాయ్ నిచ్చెన తెస్తే ఎక్కాం. పైన ఎవరూ లేరు. సందులో టార్చి వేసి చూశాం, పడిన మనిషీ లేడు. అంత ఎత్తుకి యాదన్న ఎలా ఎక్కాడో, ఎలా దిగాడో ఎవరికీ తెలియదు. పోలీసులకి చెప్పాం. ఆసుపత్రులు తిరిగాం, శవాల గదులూ తిరిగాం. మూసీ వెంబడి మనుషుల్ని పెట్టి వెతికించాం. వానలు వచ్చాయి, పోయాయి. యాదన్న లేడు. డ్రోన్ లేదు. అందులో రికార్డయింది కూడా దాంతోనే పోయింది.

ఇప్పుడు గాలి లేస్తే వదిన మేడ తలుపు బార్లా తీసిపెడుతుంది. నేను కనిపిస్తే ఒకే మాట అడుగుతుంది. "నిజంగ నవ్విండా?"

"నవ్విండు వదినా."

"నవ్విండంటే మంచిగనే ఉన్నట్టు. వస్తడు."

నర్సింగ్ కూడా అదే మాట పట్టుకుని బతుకుతున్నాడు. ఎవరైనా ఇక రాడు అంటే కొట్టడానికి వెళతాడు.

చార్మినార్ కాళ్ళ సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు, దాన్ని వదిలేయండి. దేవిడీ నిజం. చేతులు నిజం. పెరిగి తగ్గిన ఆ అంకె నిజం. నేను కల్పించింది ఆ ఒక్క నవ్వే. ఆయన నవ్వలేదు. నోరు బాగా తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. ఏళ్ళ తరబడి పెదవి విప్పని మనిషి... మాతో ఏదో అంటున్నాడు. డ్రోన్‌లో చప్పుడు వినపడదు. లాగమన్నాడో... వదిలెయ్యమన్నాడో...