దానమ్మక్క దమ్ము

నంద్యాల పత్తి మిల్లులో మిషన్ల రొదను దాటి వినిపించే గొంతు ఒక్కటే ఉండేది, దానమ్మక్కది. డెబ్భై నాలుగులోనో ఐదులోనో మాట. ఇద్దరం ఒకే వరసలో కూర్చుని పత్తిలో పుల్లలు ఏరేవాళ్లం. పాడమంటే చాలు, ఊపిరి తీసుకున్నట్టు కూడా కనపడకుండా చరణమంతా లాగేసేది. "కడుపులో ఏం పెట్టుకున్నావక్కా, కొలిమితిత్తా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేది.

ఆమెది ఆళ్లగడ్డ పక్క పల్లె. అక్కడి చర్చి సంఘపెద్ద దేవరాజు చిన్నప్పుడే ఆమెను బావిలో గొంతు లోతు నీళ్లలో నిలబెట్టి పాడించేవాడట. నీళ్లు ఛాతీని నొక్కుతుంటే ఊపిరి పొట్ట నిండా తీసుకోవాలి, పిండి జల్లించినట్టు కొంచెం కొంచెంగా వదలాలి. "గొంతుతో అరుస్తాండావ్ అమ్మీ, పొట్టతో పాడు" అనేవాడట. ఆ కష్టమంతా ఒక్క పాట కోసం. వాళ్ల సంఘంలో శవపెట్టె ఇంటి నుంచి కదిలింది మొదలు గుంత చేరేదాకా పాట తెగకూడదు. ఒకరు చరణం ఎత్తుకుంటారు, జనం అందుకుంటారు. జనం పాడే ఆ కాస్త సందులోనే ఎత్తుకునే మనిషి ఊపిరి కూడదీసుకోవాలి. ఆ పల్లెలో ఎవరు పోయినా ఆ పని దానమ్మక్కదే.

వాళ్లమ్మ కృపమ్మకు ఒకటే ఆశ. "నేను పోతే గుంతదాకా నువ్వే పాడల్ల మే. ఇంకొకరు పాడితే నేను కదల్ను" అనేది. "యాడికీ పోవులేమ్మా" అని అక్క కసిరేది గానీ, ఆ మాట మనసులో పెట్టేసుకుంది.

పంతొమ్మిదొందల ఎనభై దాటాక అక్కకు దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దూది ధూళి ఊపిరితిత్తులకు పట్టింది, మిల్లు మానమన్నాడు డాక్టరు. మానితే తినేదేమిటి? దేవరాజేమో "సాధన ఇడ్సిపెట్టినావ్, అందుకే దమ్ము పోయింది" అన్నాడు. డాక్టరు మాట చెవికెక్కలేదు, పెద్దాయన మాట ఎక్కింది. చలికాలం తెల్లారుజామున కుందూ ఏట్లో దిగి, మెడదాకా మునిగి పాడేది. నేను ఒడ్డున నిలబడి తిట్టేదాన్ని.

"చస్తావక్కా, బయటికి రా!"

"మాయమ్మ పాటకు దమ్ము మిగిలితే సాలు ఆదిలక్ష్మీ" అనేది వణుకుతూ.

కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమంటే కాలు అతుక్కుంటుందా? ఆ పెద్దాయన మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభై మూడు వానాకాలంలో కృపమ్మ పోయింది. అక్క వెంట నేనూ బస్సెక్కాను. పెట్టె లేచింది. అక్క పాట ఎత్తుకుంది. పాత గొంతే! నాకు ఏడుపొచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి చరణం సగంలో తెగింది. మిగతా సగం జనం అందుకున్నారు. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ తెగింది. పెట్టె మోస్తున్న తమ్ముడు కృపావరం వెనక్కి చూశాడు. పాపం, అక్క అవస్థ చూడలేకపోయాడు.

"బేగా నడవండప్పా, పాట బేగా ఐపోతాది" అన్నాడు.

మోసేవాళ్లంతా అడుగు పెంచారు. పాడుతూ ఆ నడక అందుకోవడం ఆమె వల్ల ఎక్కడవుతుంది? ఊరు దాటగానే నా భుజం పట్టుకుని గట్టు మీద కూలబడింది. ముందు నడుస్తున్న దేవరాజు చరణం ఎత్తుకున్నాడు. "ఆగండప్పా!" అని గొంతు చించుకున్నాను. అంతమంది పాడుతుంటే నా కేక ఎవరికి వినపడుతుంది?

మేము చేరేసరికి వాన పడుతోంది. గుంతలో నీళ్లు చేరతాయని మన్ను కప్పేశారు. అక్క వెనక ఆడవాళ్లలో ఉందనుకున్నారట. "నీ కోసమే గదక్కా బేగా నడిచింది" అంటూ కృపావరం తలకాయ కొట్టుకున్నాడు.

అక్క తడిమన్ను పక్కన కూర్చుని, పాట మొదటినుంచి ఎత్తుకుంది. జనం అప్పటికే ఇళ్లకు పరుగెత్తారు. ఒక చరణం పాడి, రొప్పుతూ, ఎవరైనా అందుకుంటారని చూసింది. కృపావరం అందుకోబోయి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె నా వైపు తిరిగింది. మాది వేరే దేవుడి ఇల్లు. ఆ పాటలో ఒక్క ముక్క కూడా నాకు రాదు.