మల్లేశం సార్ పేరు మీద

ఒక మాట తొమ్మిదేళ్లుగా నా లోపలే ఉంది. నేను నిద్ర లేచేసరికి అది ముందే లేచి కూర్చుని ఉంటుంది. మా అమ్మకు చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు కూడా పిల్లలు చల్లగా ఉండాలని దండం పెట్టుకుని వచ్చేశాను గానీ దీని ఊసెత్తలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనుకోకండి.

జూబ్లీ హిల్స్‌లో ఒక స్విమ్మింగ్ క్లబ్‌లో నేను హెడ్ కోచ్‌ని. పోటీలకు వెళ్లే పిల్లలకు ఈత నేర్పుతాను. పిల్లలు కార్లలో వచ్చి దిగుతారు. డ్రైవర్లు గేటు బయట నీడ చూసుకుని నిలబడతారు. అక్కడ అందరూ నన్ను మంచి కోచ్ అంటారు. నాకు ముందు ఆ పదవిలో ఉన్నది మల్లేశం సార్. అది నాకెలా వచ్చిందో చెప్పాలి.

మల్లేశం సార్ క్వారీ గుంటల్లో ఈత నేర్చుకున్న మనిషి. కుర్రతనంలో రాష్ట్రం తరఫున ఈదారు. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ పూల్ గట్టు మీదే గడిపారు. ఇంగ్లీషు రాదు. సినిమా వాళ్ల పిల్లలైనా, వ్యాపారస్తుల పిల్లలైనా ఆయనకు ఒకటే. "ఏయ్, కాళ్లు ఎటు వోతున్నయ్ రా?" అని గట్టు మీంచి కేకేసేవారు. ఆ కేక కొందరు తల్లులకు నచ్చేది కాదు. పిల్లలకు మాత్రం ఆయన మాటంటే మాటే.

నేను భీమవరం వైపు నుంచి పెళ్లై మధురానగర్ వచ్చినదాన్ని. యూనివర్సిటీ దాకా ఈదాను గానీ నేర్పడం తెలియదు. అది ఆయన నేర్పారు. గట్టు మీద ఎక్కడ నిలబడితే అన్ని వరుసలూ కనిపిస్తాయో నన్ను నిలబెట్టి చూపించారు. "వాచ్ తర్వాత చూస్కో బిడ్డా, ముందు తలకాయలు లెక్కవెట్టు" అనేవారు.

ఆయన కింద ఐదేళ్లు పనిచేశాను. ఐదో ఏడు వచ్చేసరికి నాలో ఏదో మంట మొదలైంది. తల్లులతో మాట్లాడేది నేను, ఫారాలు నింపేది నేను, వేరే ఊళ్లో పోటీలుంటే పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లేది నేను. పతకం వస్తే పేరు ఆయనది. అప్పట్లో నేను దాన్ని అసూయ అనుకోలేదు. నాకు అన్యాయం జరుగుతోందనుకున్నాను. ఎంత తేలిగ్గా పేరు మార్చుకున్నాను!

ఆ రోజుల్లో ఫోన్‌లో విదేశీ కోచ్‌ల వీడియోలు తెగ చూసేదాన్ని. ఒకదాంట్లో పిల్లలు ఊపిరి బిగబట్టి, తల పైకెత్తకుండా, నీళ్ల అడుగునే ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుతున్నారు. కాస్త ఆగి మళ్లీ. అలా చేస్తే రేసులో వేగం పెరుగుతుందని ఆ వీడియోలో చెప్పారు. సార్‌ని అడిగాను. ఆయన ముఖం మారిపోయింది. అలా చేస్తే పిల్లలు చప్పుడు లేకుండా స్పృహ తప్పుతారని, తన ఈడు కుర్రాడొకడు తన కళ్ల ముందే అలా పోయాడని, ఈ పూల్‌లో ఆ మాటే ఎత్తొద్దని చెప్పారు. సరే సార్ అన్నాను.

రాష్ట్ర పోటీలకు నెల రోజులుంది. ఒక సాయంత్రం సార్ అటు చివర చిన్నపిల్లలతో ఉన్నారు. ఇటు చివరి వరుసలో ముగ్గురు ఆడపిల్లలు నా దగ్గర ఉన్నారు. ఆ పూట ఏమేం ఈదాలో చెప్పే జాబితాని మేం సెట్ అంటాం. మామూలుగా బోర్డు మీద రాస్తాం. ఆ రోజు రాయలేదు. రాస్తే ఆయన కంట పడుతుంది. ఊపిరి బిగబట్టి నీళ్ల అడుగున ఈదమని నోటితో చెప్పాను.

ముగ్గురిలో ఒకమ్మాయి సందేహపడింది. "మేడమ్, సార్ ఇది వద్దన్నారు కదా?"

"సారే చెప్పారమ్మా, ఈ వారం నుంచి చెయ్యమని," అన్నాను.

కాబట్టి నా అబద్ధం ప్రమాదం జరిగాక, భయంలో పుట్టింది కాదు. అంతకుముందే, అందరూ క్షేమంగా ఉండగానే, హాయిగా నవ్వుతూ ఆడాను. ఈ సంగతి నాకు నేను ఒప్పుకోవడానికే నాలుగేళ్లు పట్టింది.

మూడో అమ్మాయి పేరు నిత్య అనుకోండి. పన్నెండేళ్లు. తండ్రి సినిమాలకు కెమెరామన్, ఇల్లు ఫిల్మ్ నగర్ కొండ మీద. నా మెప్పు కోసం ఏదైనా చేసే పిల్ల. మూడుసార్లు అటూ ఇటూ ఈదింది. నాలుగోసారి మునిగింది. నేను స్టాప్‌వాచ్ చూస్తున్నాను, టైం ఎంత తగ్గిందా అని. తలెత్తేసరికి నిత్య అడుగున కదలకుండా ఉంది. ఆడుతోందనుకున్నాను. ఎంతసేపు అలా అనుకున్నానో నాకు తెలియదు. ఆ కొన్ని క్షణాలు ఎన్నో తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంటుంది, తెలియకపోతేనే మంచిదనీ ఉంటుంది.

అటు చివర నుంచి సార్ పరిగెత్తుకొచ్చారు. బూట్లతోనే దూకారు. పిల్లను పైకి తెచ్చి గట్టు మీద పడుకోబెట్టి నోట్లోకి ఊపిరి ఊది, గుండె మీద నొక్కి, మళ్లీ ఊది, అలా చేస్తూనే ఉన్నారు. నేను నిలబడి చూస్తున్నాను. నా చేతిలో వాచ్ ఇంకా నడుస్తోంది.

నిత్య దగ్గింది. నీళ్లు కక్కింది. అంబులెన్స్‌లో నేను వెళ్లాను. ఆయన తడిబట్టలతో అక్కడే ఉండి మిగతా పిల్లల్ని ఇళ్లకు పంపారు.

పిల్ల బతికింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ సాయంత్రం ఏం జరిగిందో దానికి ఏమీ గుర్తు లేదు.

మర్నాడు క్లబ్ ప్రెసిడెంట్ గారు నన్ను పిలిచారు. ఆయన ఎప్పటినుంచో మల్లేశం సార్‌ని మార్చాలని చూస్తున్నారు. మిగతా ఇద్దరు పిల్లల్ని అప్పటికే అడిగారట, సార్ సెట్ అని మేడమ్ చెప్పారు అన్నారట. పిల్లలు నిజమే చెప్పారు. "ఆ సెట్ మల్లేశానిదే కదమ్మా?" అని అడిగారాయన. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చారు.

నేను తల ఊపాను.

అంతే చేశాను. నోరు విప్పి ఒక్క మాటైనా అనలేదు. తర్వాత టైపు చేసిన కాగితం వచ్చింది. హెడ్ కోచ్ ఆదేశం మేరకే జరిగిందని, ప్రథమ చికిత్స చేసింది నేనని అందులో ఉంది. రెండో సంగతి నేను అడగను కూడా లేదు, వాళ్లే రాశారు. చదివాను. సంతకం పెట్టాను. సార్ దూకడం గ్యాలరీలో ఉన్న ఇద్దరు ముగ్గురు తల్లులు చూశారు. కానీ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికే దూకాడని జనం చెప్పుకున్నారు. ఆయన్ని తీసేశారు. తల్లిదండ్రుల ఫోన్ గ్రూపుల్లో ఆయన పేరు తిరిగింది. ఇంకే క్లబ్బూ రానివ్వలేదు.

వారం తర్వాత సార్ మా ఇంటికి వచ్చారు. మాది మేడమీద వాటా. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఊరి నుంచి వచ్చి ఉన్న మా అమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకున్నారు గానీ తాగలేదు.

"గా సెట్ నాదని చెప్పినవా బిడ్డా?"

నేను నేల చూశాను.

"నౌకరి పోతె పోనీ. దానికి ఫికర్ లేదు. గా పిల్ల తల్లి నన్ను చూసి ఏమన్నదో ఎరికేనా? నా బిడ్డను చంపబోయినవ్ అన్నది. గదొక్కటి నేను మోయలేను. నువ్వు మీటింగ్‌ల చెప్పకు, నీ నౌకరి గూడ పోతది. గామె ఒక్కదానికి చెప్పు. సాలు."

"చెప్తాను సార్. రేపు వెళ్తాను."

"రేపా?"

"రేపే సార్."

ఆయన లేచారు. రెండు మెట్లు దిగి వెనక్కి చూశారు. "జర మర్వకు" అన్నారు.

నేను మర్చిపోలేదు. నిజంగానే మర్నాడు వెళ్లాను. ఫిల్మ్ నగర్‌లో వాళ్ల గేటు దాకా ఆటోలో వెళ్తూ, చెప్పాల్సిన మాటలు పైకి అనుకుంటూనే ఉన్నాను. నిత్య తల్లి ఎదురొచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. "మీరు లేకపోతే నా కూతురు నాకు దక్కేది కాదండీ" అంది. నా మొహాన బొట్టు పెట్టి, పట్టుచీర చేతిలో పెట్టింది. నేను ఆమె కళ్లల్లోకి చూశాను. ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఉద్యోగం గుర్తుకు కూడా రాలేదు. ఆమె నన్ను చూస్తున్న ఆ చూపు, అలా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంతకంటే నీచమైన కారణం ఎంత వెతికినా దొరకలేదు నాకు. చీర తీసుకుని ఇంటికొచ్చాను.

సార్ మూడు రోజులు ఫోన్ చేశారు. ఎత్తలేదు. తర్వాత చెయ్యడం మానేశారు. అదే నెలలో నన్ను హెడ్ కోచ్ చేశారు.

నిత్య మళ్లీ నీళ్లలో దిగలేదు. ఇప్పుడు కాలేజీ చదువుతోంది. ప్రతి ఏడూ టీచర్స్ డేకి నాకు మెసేజ్ పెడుతుంది. నేను చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపిస్తాను.

రెండేళ్ల కిందట టోలిచౌకి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో వేసవి శిక్షణ మొదలుపెట్టడానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. అక్కడ పూల్ పక్కన పొడుగు కర్రకు వల కట్టి ఒక ముసలాయన నీళ్ల మీది ఆకులు తీస్తున్నారు. మల్లేశం సార్. బాగా చిక్కిపోయారు. పిల్లలు అటూ ఇటూ గెంతుతుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి. తలకాయలు లెక్కపెడుతున్నారని నాకు అర్థమైంది. ఆ పని ఎవరూ ఆయనకు అప్పగించలేదు. నా వైపు చూశారు. వల పక్కన పెట్టి, "నమస్తె మేడమ్" అన్నారు.

అందులో వెటకారం ఉందేమోనని ఎన్నోసార్లు తిప్పి తిప్పి వెతుక్కున్నాను. లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా, చెయ్యెత్తినా నేను కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని. నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి మేడమ్ అన్నారు. నేను నమస్కారం పెట్టి, పూలదండ వేయించుకుని, పిల్లల భద్రత గురించి పది నిమిషాలు మాట్లాడి వచ్చాను.

ఈ వానాకాలంలో ఆయన చనిపోయారు. గుండె ఆగిపోయిందన్నారు. పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. టోలిచౌకిలో ఒక సందు చివర రెండు గదుల ఇల్లు. బంధువులు తిని వెళ్లిపోయారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఫలానా క్లబ్ నుంచి అని చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"మీరు గా దినం గాడనే ఉన్నరట గద మేడమ్. నిజం చెప్పుండ్రి. మా ఆయన గా పిల్లతోని గట్ల చేయించిండా?"

ఆమె చెప్పుకుపోయింది.

"నేను కాదు అంటుండె. మరెవలు అంటే చెప్పకపోతుండె. నేను నమ్మలే మేడమ్. ఒకసారి కోపంల నేను గూడ అన్న, పరాయి పిల్లను ముంచినవ్, ఇగ మమ్ములను ముంచుతున్నవ్ అని. గా మాట అన్నంక మూడు దినాలు బువ్వ తినలే."

సొంత భార్యకు కూడా ఆయన నా పేరు చెప్పలేదు. ఎందుకని? నా మీద దయా? నా 'రేపు' కోసం ఇంకా ఎదురుచూశారా? లేక చెప్పినా ఎవరూ నమ్మరని ఊరుకున్నారా? ఆయనకే తెలుసు.

"ఆయన చేయించలేదమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "మరెవలు చేయించిన్రు?"

తెలియదన్నాను. చెయ్యి విడిపించుకుని బయటికొచ్చాను. సందు మలుపు దాకా ఆమె ఏడుపు వినిపించింది. ఆయన తప్పు లేదని తెలిసి ఏడ్చిందో, ఆ తెలియడం ఆలస్యమైనందుకు ఏడ్చిందో.

మూడు వారాలైంది. రోజూ పూల్‌కి వెళ్తున్నాను. పిల్లలు గుడ్ మార్నింగ్ మేడమ్ అంటున్నారు. నిన్న క్లబ్ ఆఫీసులో ఆ పాత కాగితం కోసం వెతికాను, చించడానికో, చూపించడానికో నాకే తెలియదు. దొరకలేదు. దొరకనందుకు సంతోషించాను. నేను మారలేదు, చూస్తున్నారు కదా.

ఆయన భార్యకు చదువు రాదు. ఇది ఆమె దాకా వెళ్లదు. కింద నా పేరు కూడా పెట్టడం లేదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతుల్లో ఉన్నదీ కాదు. ఆమె ఇంటి మెట్లు మళ్లీ ఎక్కగలనో లేదో తెలియదు. ఎక్కుతానని మాట ఇవ్వను. ఇంతకుముందు ఇచ్చిన మాట ఏమైందో చెప్పాను.

కానీ తొమ్మిదేళ్లలో మొదటిసారి పూర్తి వాక్యంగా రాస్తున్నాను. ఆ పిల్లతో ఆ పని చేయించింది నేను. మల్లేశం సార్ వద్దన్నారు. నేను చేయించాను.