కవరు లేని కార్డు

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు ఆత్మకూరు నుంచి ఫోను చేసి, "పెదనాయనా, నువ్వొకసారి మా కాలేజీకి రావాల, పిలకాయలకు నాలుగు మాటలు చెప్పాల" అన్నప్పుడు నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఐదో తరగతితో బడి మానేసి, ఆ మీదట పొట్లాలు కట్టిన కాగితాలూ పంచాయతీ ఆఫీసులో పారేసిన పాత పత్రికలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి, డిగ్రీ చదివే పిల్లలకు నేను చెప్పేదేముంది? అదీ ఫోన్లలో మర్యాదగా మెలగడం ఎలాగన్న విషయం. ఆమె అక్కడ లెక్చరరు. ఆ పాఠం చెప్పే పని ఆమె నెత్తినే పడిందట. తెర మీద బొమ్మలు చూపించి, చట్టాలు చదివి వినిపిస్తుంటే, పిలకాయలు బెంచీల కింద ఫోన్లు పెట్టుకుని నొక్కుకుంటూనే విన్నారట.

అసలు సంగతి తర్వాత చెప్పింది. మర్రిపాడు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్ల, అవ్వ మీద బెంగగా ఉందని, తెల్లారి మేకపిల్లల అరుపు వినపడకపోతే లేవబుద్ధి కావడం లేదని, ఏడుస్తూ తన స్నేహితురాలికి వాయిస్ మెసేజి పంపుకుంది. స్నేహితురాలు దాన్ని తమాషాకని క్లాసు గ్రూపులో పెట్టింది. ఎవడో దానికి మేకల అరుపులు తగిలించి ఇంకో నాలుగు గ్రూపులకు తోలాడు. మూడో రోజుకల్లా ఆ పిల్ల వరండాలో నడుస్తుంటే వెనక నుంచి "మే" అనడం మొదలయింది. పెట్టె సర్దుకుని ఊరికి పోయింది. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి, రానంటోంది.

"ఇప్పుడు రాకపోతే ఆ పాప చదువు ఈడికి సరి పెదనాయనా. నా మాట ఈళ్ళు ఇనడంలా. నువ్వు ఆ కాలంలో ఊరందరికీ కార్డులు రాసినోడివి గదా, ఆ ముచ్చట్లు చెప్పు" అంది. కార్డులు రాశానన్నది ఆమెకు తెలుసు. ఆ కార్డుల్లో ఒకదానితో నేను చేసిన పని తెలియదు.

మా ఊరు ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలో ఉంటుంది. కింద నెల్లూరు వైపు వరికోతలు కాగానే మా గొర్రెలవాళ్ళు మందలు తోలుకుని ఆ మళ్ళల్లోకి దిగిపోయేవారు, మళ్ళీ వానలు పడి ఇక్కడ పచ్చిక మొలిచేదాకా వచ్చేవారు కారు. ఫలానా రైతు కేరాఫ్ అని రాస్తే కార్డు ఎలాగో మంద దగ్గరికి చేరేది. ఆడవాళ్ళు పెనిమిటి పేరు నోట పలకరు గనుక ఆ పేర్లన్నీ రాసేవాడికే తెలిసి ఉండాలి. పోస్టాఫీసంటే పోస్టుమాస్టరు గారి ఇంటి ముందు గదే. దాని మెట్ల మీద కూర్చుని నేను రాసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళవాణ్ణి, అక్షరం వచ్చిందన్న పొగరు కొంచెం ఎక్కువగానే ఉండేది. పోస్టుమాస్టరు గారు పెద్దాయన, మొదటి రోజే ఒక మాట చెప్పారు: "కార్డుకు కవరుండదురా. రాసేవోడి నోరే దానికి కవరు." రాయించుకునే ఆమె చెప్పింది రాయడం, చెప్పనిది రాయకపోవడం, ఒకసారి మెల్లగా చదివి వినిపించడం, ఆమె కళ్ళెదుటే డబ్బాలో వేసి అక్కడితో మరిచిపోవడం. అదీ పద్ధతి.

మా వీధి చివరి ఇంటి గొర్రెలాయన భార్య నాకు వరసకు వదిన. కొత్తగా పెళ్ళయి వచ్చింది. ఒకనాడు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని వచ్చి, తల వంచుకుని, మంద తోలేటప్పుడు ఆయన వేసే ఈల చెవుల్లోనే ఉందని, పొద్దున లేస్తే ముందు ఆ ఈలే వినపడుతుందని రాయించింది. రాశాను. డబ్బాలో వేశాను. అక్కడితో మరిచిపోతే ఈ కథ లేదు. ఎదురుగా టీ అంగడి. వరసైన వదినను ఎగతాళి చేయడం మా వైపు తప్పు కాదు, చేయకపోతేనే తప్పు. ఆ ధైర్యంతో పోయి కూర్చుని ఆమె గొంతు పెట్టి ఆ రెండు ముక్కలూ చెప్పాను. అంగడంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే నా మీద నాకు ఇంత కోపం.

మరునాటి నుంచి ఆమె నీళ్ళకు పోతే ఒకడు ఈల వేసేవాడు. కట్టెలకు పోతే ఇంకొకడు. వరసైనవాడూ కానివాడూ తేడా లేదు. ఆమె నా మెట్ల వైపు రావడం మానేసింది. అప్పటికే నీళ్ళోసుకుని ఉంది. ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ తొమ్మిది దినాలు బతికింది. ఊరందరికీ తెలుసు, కింద మంద దగ్గరున్న ఆయనకు తప్ప.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి మెట్ల కింద నిలబడింది. ముఖం అటు తిప్పుకునే, "రాయి మరిదీ. అందరం క్షేమం అని రాయి" అంది. అంతేనా వదినా అన్నాను. "అంతే. ఇంకేం రాయించినా ఊరి పాలే గదా" అంది.

రాశాను. అడుగున ఒక్క ముక్క, రమ్మని, నేనే రాసి ఉండవచ్చు. కానీ చెప్పనిది రాయకూడదన్న నియమం ఆనాడు మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. వానలు పడ్డాక ఆయన మందతో తిరిగి వచ్చాడు. మలుపు దగ్గరే ఈల వేశాడు. టీ అంగట్లో ఎవడో నవ్వాడు. ఆయన సంచిలో పసిబిడ్డ కాళ్ళకు కట్టే గజ్జెలున్నాయి. ఆ తర్వాత ఆయన ఈల వేయగా నేను వినలేదు, గొర్రెలను అదిలించడమే.

ఇదంతా ఆత్మకూరు కాలేజీలో నిలబడి చెప్పాను. మొదట గట్టిగా తిట్టాను కూడా, "ఏందిరా, మేకలు కాయని తాత మీలో ఎవడికిరా ఉన్నాడు?" అని. దానికి కొందరు నవ్వారు. కార్డు సంగతికి వచ్చేసరికి నవ్వలేదు. రెండో బెంచీలో నుంచి ఒక కుర్రవాడు లేచి, "మరి ఆమెకు సారీ చెప్పినావా తాతా?" అన్నాడు.

లేదురా అన్నాను. ఆమె ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి. అట్లా తిరుగుతూ తిరుగుతూనే ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు చెబుదామన్నా ఆమె లేదు. అంతకంటే నా దగ్గర పాఠం ఏమీ లేకపోయింది, కూర్చున్నాను.

కిటికీ పక్కనున్న ఒక పిల్ల చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది. మెసేజిని గ్రూపులో పెట్టింది ఆమేనని నాకు తర్వాత తెలిసింది. మరునాడు మా తమ్ముడి కూతురు ఆ పిల్లనే వెంటబెట్టుకుని మర్రిపాడు బస్సెక్కింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్రిపాడు పిల్ల తిరిగొచ్చింది. పరీక్షలన్నీ రాసింది.

ఈ ఫోన్ల కాలంతో వేగడానికి నాకు ఓపిక అయిపోయింది. ఆ కాలంలో కార్డు చేరడానికి వారం పట్టేది, ఎగతాళి ఊరి పొలిమేర దాటేది కాదు, ఈల వేసేవాడికి నోరు నొప్పి పుట్టేది. అయినా ఒక ఇంటిని మూగది చేయడానికి అది సరిపోయింది. ఇప్పుడు ఏడ్చిన పిల్ల కళ్ళు తుడుచుకునే లోపల ఆ ఏడుపు ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో లెక్కలేదు, దాన్ని తిప్పే ఫోనుకు అలుపూ లేదు. చెప్పడానికి పోస్టుమాస్టరు గారి లాంటివాళ్ళూ లేరు. ఉన్నా నా బోటివాడు వినడు.

మొన్న ఫోనులో ఆ మర్రిపాడు పిల్ల ఎలా ఉందని అడిగాను. తరగతికి వస్తోంది, వెనక బెంచీలో కూర్చుంటోంది, ఎవరికీ మెసేజీలు పెట్టడం లేదు, అంది మా తమ్ముడి కూతురు. ఏమ్మా, హాస్టల్లో ఎట్లా ఉండాది, అవ్వ గుర్తుకొస్తా ఉందా అని ఎప్పుడడిగినా ఒకటే మాటట.

"అంతా బాగుండాది మేడం."

ఆ మాట ముఖం అటు తిప్పుకుని చెబుతారని నాకు తెలుసు, ఒకసారి కార్డు మీద రాసినవాణ్ణి.