గోడ అవతలి పాట

మా దీవిలో బాంబూఫ్లాట్ చెక్క ఇళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుందా, పక్కింటి పాట మన ఇంట్లోకి ఎలా వచ్చేదో? గొంతులు, బాకాలు గోడ దగ్గరే ఆగిపోయేవి. అడుగున మోగే దెబ్బలు మాత్రం చెక్కలోంచి వచ్చి మంచానికి తగిలేవి.

మా పక్కింట్లో ఓడ మీద పనిచేసే భయ్యా ఉండేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఒకటే విదేశీ క్యాసెట్ పెట్టేవాడు. జబ్బుతో మంచం పట్టిన అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టుకుని, సరిగ్గా ఆ దెబ్బకే నా వీపు మీద జోకొట్టేది. "పాట ఆళ్లదే పిల్లా, దెబ్బలు మనవి" అని నవ్వేది. ఆ వానల్లోనే అమ్మ పోయింది. అదేం పాటో అడగడానికి సిగ్గుపడుతుండగానే భయ్యా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

నిన్న డైరీ ఫార్మ్ పేటలోని మా ఇంట్లో మా ఆయన ఫోన్‌ను స్పీకరుకు కలిపి, ఫ్రాన్సులో ఉండే అల్జీరియావాళ్ల జాజ్ పాటలు వింటున్నారు. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. గాలికి నడిమి తలుపు మూసుకుంది. అప్పుడు వినబడింది, అదే దెబ్బ. వెళ్లి తలుపు తీస్తే బాకా మోగుతోంది. ఆ రాగం నేనెన్నడూ విననిది.

"ఈ డ్రమ్ము ఎవరు వాయించారండీ?"

"ఏమో. బేస్ గిటారోడి పేరూ లేదు. బాకా ఊదినోడి పేరొక్కటే రాసారు. ఏటయింది?"

"మళ్లీ పెట్టండి. నేను తలుపు మూసుకుంటాను."

"అరే, మూసేస్తే పాటేటి వినబడతాది?"

తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను.