సూరమ్మ కడియాల వెండి

సాక్చి బజారు వెనక సందులో వరహాలు తాత వెండి శుద్ధి చేస్తాడు. అదే గదిలో ముందువైపు కూర్చుని నేను పట్టీలకు మువ్వలు కడతాను. బడిలో రసాయనాల పాఠం రాకముందే నా చదువు ఆగిపోయింది. నాకు తెలిసిన కొంచెం ఇక్కడ చూసి తెలుసుకున్నదే.

పాత వెండిని యాసిడ్‌లో వేస్తే గోధుమరంగు పొగ లేచి, వెండి కరిగిపోతుంది. తాత అందులో రాగి రేకు వేలాడదీస్తాడు. రాగి తను కరుగుతూ వెండిని బయటికి తోసేస్తుంది. సాయంత్రానికి రేకు నిండా బూడిదరంగు నాచులా వెండి పట్టుకుంటుంది, నీళ్లు నీలంగా మారతాయి.

తాతది పలాస వైపు. ఈ హిందీ ఊళ్లో, కాసిడీహ్ పేటలో ఒక్కడే ఉంటాడు. భార్య సూరమ్మ నిరుడు చనిపోయింది. ఆమె రోజూ క్యారేజీ తెచ్చి, దాని మూతలోనే అన్నం పెట్టుకుని ఆయన పక్కన తినేది. ఇప్పుడు తాత తనే వండి తెచ్చుకుంటాడు. తినేటప్పుడు మాత్రం మూత తీసి పక్కన పెడతాడు.

చలికాలంలో ఆయన కూతురు శ్వేత ఇదే ఊళ్లోని గోల్‌మురి నుంచి వచ్చింది. అమ్మ కడియాలతో తన పాపకు పట్టీలు చేయించమని ఆమె అడగడం అది మొదటిసారి కాదు.

"సేద్దుంలే" అన్నాడు తాత.

"కబ్ సే యహీ బోల్ రహే హో, నాన్నా. ఎప్పుడూ ఇదే మాట. పాప నడక కూడా నేర్చేసింది."

"నడిత్తందా?" అన్నాడు తాత. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. పొడిగా ఉన్న చేతులనే చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాడు కడియాలు తెచ్చాడు. అవి తళతళలాడుతున్నాయి.

"కరిగించడానికి ఇంత తోమడం ఎందుకు తాతా?"

"పండగకి మీ మామ్మ ఇలాగే తోమీది. సింతపండు, ఉప్పు ఏసి రేత్రి నానబెట్టినాను."

కడియాలు బోలువి. ముక్కలు చేసి యాసిడ్‌లో వేసేసరికి, లోపల చేరిన ఉప్పు కూడా వాటితో వెళ్లింది. కరిగిన వెండి, ఉప్పు ఎదురుపడితే జతలు మార్చుకుంటాయి. ఉప్పులో సగాన్ని వెండి పట్టుకుని తెల్లగా అడుగుకు చేరుతుంది. మిగతా సగం నీళ్లలోనే ఉండిపోతుంది. అందుకే పకోడీలు తిన్న చేత్తో ఎవరినీ గడప దాటనివ్వని మనిషి తాత. ఇప్పుడు ఆయన గాజు గిన్నెలోనే నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి.

టీ ఇచ్చే వెంకటరమణ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏటి మావా, నా యాపారానికి పోటీ వత్తన్నావా? పాలు ఇరిగిపోనాయి."

తాత నవ్వలేదు. టీ కూడా తీసుకోలేదు.

తెల్లదాన్ని వడకట్టి సీసాలో వేశాడు. వెలుతురు తగిలితే ఊదారంగుకు తిరుగుతుందని నల్లకాగితం చుట్టాడు. మిగిలిన నీళ్లలో రాగి రేకు పెట్టి, దానిమీదికి వెండి దించాడు. అది పట్టీలకు చాలలేదు. తన వేలి ఉంగరం తీసి కలిపాడు. ఆ పట్టీలకు మువ్వలు నేనే కట్టాను.

శ్వేత వాటిని చెవి దగ్గర ఆడించి చూసుకుంది. తర్వాత సీసా వైపు చూసింది.

"అందులోదేటి నాన్నా?"

"మీ అమ్మదే. ఇంకా దించాల."

"అయితే దించీ. దించేసి మా ఇంటికి రా, పాప నడక చూద్దువు."

"వత్తానమ్మా. ఈ పనొకటుంది కదా."

ఆమె వెళ్లింది. ఆ తెల్లదానిలో కొంచెం యాసిడ్ నీళ్లు పోసి ఇనప మేకులు వేస్తే వెండి వచ్చేస్తుంది. ఇంతకుముందు ఆయన అలా తీయడం చూశాను. మేకుల డబ్బా ఆయన కాళ్ల దగ్గరే ఉంది.

"మేకులున్నాయి కదా తాతా" అన్నాను మెల్లగా.

"తొందరేటే గుంటా" అన్నాడు.

సీసాను పై అరలో, ఎండ పడని మూలకు జరిపాడు. తర్వాత చేతులు కడుక్కుని క్యారేజీ విప్పాడు. మూత పక్కన పెట్టి, ఆ అర వైపు తిరిగి కూర్చుని తిన్నాడు.