మా మరిది మానేసిన నల్లమందు

మా మరిది బర్మా యుద్ధంలో మిలిటరీ లారీ తోలాడు. కొండదారుల్లో కునుకు పట్టకూడదని అక్కడ మాత్రలిచ్చేవాళ్లట. అవి మింగీ మింగీ అసలు నిద్రన్నదే రాకపోతే, తోటివాళ్లు నల్లమందు అలవాటు చేశారట. యుద్ధం అయిపోయింది, తెల్లోడు వెళ్లిపోయాడు, నేను కాపరానికొచ్చి ఇద్దరు పిల్లల్ని కన్నాను. నల్లమందు మాత్రం అతన్ని వదల్లేదు. పొద్దున్నే ఉండ పడకపోతే చేతులు వణికేవి, ముక్కు కారేది, కంచం ముందు కూర్చుని ఏడ్చేవాడు. ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే.

చివరికి మా తిరువూరులోనే ఒక బస్సు ఓనరు మాటిచ్చాడు. ఇరవై రోజులు నల్లమందు ముట్టకుండా ఉంటే విస్సన్నపేట బస్సు చేతికిస్తానన్నాడు. మరిది దేవుడి పటం మీద చెయ్యేసి మానేశాడు. మొదటి రెండు రోజులూ నరకమే. మూడో రోజు నుంచి వణుకు తగ్గింది, అన్నం సయించింది. చూశావా వదినా, మిలిటరీవాడి పట్టు అంటూ పొంగిపోయాడు. నేనూ నమ్మాను, నా తెలివి తగలెయ్య.

పద్దెనిమిదో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే, మా అత్తయ్య సానరాయి మీద ఏదో అరగదీస్తోంది. నా చంటిదానికి వసకొమ్మేమో అనుకున్నాను. తీరా చూస్తే నల్లగా ఉంది. వేలితో తీసి మరిది కాఫీ గ్లాసులో కలిపింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా ఇది?"

"మూడో రోజు నుంచి. మినపగింజంతేగా. వాడు చంటివాడప్పుడు ఇదే నాకించి మిరపచేలోకి కూలికెళ్లేదాన్ని. బుద్ధిగా పడుకునేవాడు. ఇప్పుడు కొత్తగా ఏమైపోతాడే?"

ఏమనాలి ఆ మనిషిని? కూలికెళ్లే తల్లులంతా చేసిన పనే. కానీ మూడ్రోజుల్లో బస్సు నిండా జనాన్నేసుకుని తోలాల్సినవాడాయె. గ్లాసు పట్టుకెళ్లి మరిది ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

గ్లాసు ఎత్తి వాసన చూశాడు.

"అయితే నేనసలు మానలేదన్నమాట" అన్నాడు.

కాఫీ పెరట్లో పారబోసి, చొక్కా తొడుక్కుని, తనే వెళ్లి ఓనరుకి జరిగింది చెప్పొచ్చాడు. ఓనరు ఆగలేదు, బస్సు గంపలగూడెం మనిషికిచ్చాడు. మరిది మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాడు. నా చేత్తో ఇచ్చింది తప్ప మంచినీళ్లు కూడా తాగలేదు. నెల పైనే పట్టింది గానీ, మానాడు.

మా అత్తయ్య మాత్రం, కోడలు నోరు మూసుకునుంటే నా కొడుకు ఈపాటికి బస్సు తోలుతుండేవాడని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పోయేదాకా అదే మాట.