మా తోడికోడలి సీతాకోకచిలుక

మా తోడికోడలు నిమ్మచెట్టు మీది గొంగళిపురుగును సీసాలో పెంచడం మొదలుపెట్టిన మర్నాడే, నేనూ మా పత్తిచేలోంచి ఓ పచ్చపురుగును తెచ్చాను. సీసాలో మట్టి పోసి, రోజూ లేత కాయలు పెట్టి పెంచాను. మొన్న ఆవిడకు నల్లటి సీతాకోకచిలుక వచ్చింది. వీధంతా చూసి మురిసిపోయింది. నాకు కడుపు మండిపోయింది.

ఈ రోజు నాదీ బయటికొచ్చింది. మట్టిరంగు రెక్కల పురుగు!

మామయ్యగారు సీసా ఎత్తి చూసి, "ఏంటమ్మాయ్, చేలో దీనికి మందు కొట్టలేక మేం చస్తుంటే, నువ్వు ఇంట్లో పెట్టి మేపుతున్నావా? ఇది పత్తినే కాదు, టమాటానీ వదలదు. చంపెయ్!" అన్నారు. తోడికోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెంచిన చేతులతో ఎలా చంపను? సాయంత్రం మెల్లగా వదిలేశాను, ఆవిడ టమాటా కుండీల దగ్గర. మీరైతే ఎక్కడ వదిలేవారు?